రైలు ప్రియులు – బుల్లితెర

కోనసీమలోని మురమళ్ళకు రైలు మార్గం లేదు. అచ్చటి ఇండ్లలోనికి రైలును తెచ్చినది బుల్లితెరయే. 1986లో శ్యాం బెనెగల్ రూపొందించిన దూరదర్శన్ ధారావాహిక ‘యాత్ర’ హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుల జీవితాలను గౌరవంతో చిత్రించింది. రైళ్ళను గమనిస్తూ ఇంజన్ల నంబర్లు వ్రాసుకొనే రైలు ప్రియులకు అట్టి గౌరవం అరుదు. 1942లో ఇయాన్ అలెన్ ఇంజన్ల నంబర్ల పుస్తకం ప్రచురించిన తరువాత బ్రిటన్‌లో ఈ అభిరుచి విస్తరించింది. అచ్చటి హాస్య కార్యక్రమాలు మాత్రం వారిని లోకజ్ఞానం లేని వింత మనుషులుగా చూపాయి.

గౌతమి ఆవలి ఒడ్డున ఉన్న కోటిపల్లికి కాకినాడ నుండి వేసిన పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తొలగించారు. 2004లో గాని ఆ మార్గం తిరిగి ప్రారంభం కాలేదు. ఇట్లు కనుమరుగయ్యే మార్గాల, ఇంజన్ల ఆనవాళ్ళను నిలుపుటకు ఓపికగల పరిశీలకుల వ్రాతలు తోడ్పడతాయి. బుల్లితెర వారి వింతతనాన్నే గాక, ఈ శ్రద్ధను కూడ చూపవలసి ఉన్నది.