మాలదీవుల మత్స్యవృత్తి

మా యింట మత్స్యము వండు నాచారము లేదు. అయినను మహాభారతమున దాశరాజు పెంచిన సత్యవతి తండ్రి యాజ్ఞచే యమునలో నోడ నడిపిన కథ చదివినప్పుడెల్ల, చేపపై బ్రదుకు కుటుంబములలో స్త్రీల పాలెంతయని మేము తలపోయుచుందుము. ఆ తలంపుతోనే హిందూమహాసముద్రమందలి మాలదీవుల వృత్తాంతమును మీ ముందుంచుచున్నారము.

సింహళమునకు నైరుతిదిక్కున సుమారు 1,190 పగడపు దీవులు సరములవలె వ్యాపించియున్నవి. జనులు కాపురముండునవి రమారమి 200 మాత్రమే. వరి పండు పొలములు లేవు. సముద్రమే వారికి మాగాణి.

అచటి జాలరుల పడవ పేరు దోణి. మన దోనెకు చుట్టమే. వారు ముందుగా పగడపుదిబ్బలయొద్ద చిరుచేపలను బట్టి, పడవలోని నీట బ్రదికించి యుంచుకొందురు. నడిసముద్రమున పక్షులు మూగినచోట ట్యూనా చేపల మంద కలదని గ్రహించి, చిరుచేపలను విసరి, నీటిని వానవలె చిలుకరింతురు. అంత గడలతో నొక్కొక్క చేపనే లాగి వెనుకకు విసరుదురు. గాలమున కెదురుముల్లు లేనందున చేప తనంతట విడివడి పడవలో బడును. వలతో మందనంతయు నూడ్చుట లేదు.

పూర్వము ఒడ్డు చేరిన చేప స్త్రీల చేతిలోనిది. వారు దానిని కోసి, ఉప్పునీట నుడికించి, పొగబెట్టి, కట్టెవలె గట్టిపడువరకు నెండబెట్టెడివారు. ఉడికిన నీటిని మరల మరగించి 'రిహాకురు' అను చిక్కని ముద్ద చేసెడివారు. 14వ శతాబ్దమున ఆ దీవులలో న్యాయాధికారిగా నుండిన ఇబ్న్ బతూతా, యీ యెండుచేప హిందూదేశమునకును చీనాకును పోవుచుండెనని వ్రాసెను. సింహళపు వంటలలో నిది నేటికిని రుచి నిచ్చుచున్నది.

1970 తరువాతి యేండ్లలో పచ్చిచేపను సముద్రముమీదనే కొను ఓడలు వచ్చినవి. 1974 మొదలు దోణులకు యంత్రము లమర్చిరి. పట్టుబడి పెరిగెను. కాని చేప యింటికి రాక యోడకు పోవుటచే స్త్రీల పని తగ్గెను.

1972లో తొలి యాత్రికుల విడిది తెరవబడెను. నేడు విదేశీయులు సాయంసమయమున దోణి యెక్కి, చేతిదారముతో గాలము వేసి వినోదింతురు. పడిన చేపను విడిదిలో వండింతురు. జాలరికి చేప పడనినాడు పొయ్యి చిన్నబోవును. యాత్రికునకు పడకున్నను సూర్యాస్తమయము మిగులును! 2010లో సొరచేపల వేట నిషేధింపబడెను. నీట మునిగి వానిని చూడగోరు యాత్రికులకది మేలే. వానిపై బ్రదికినవారు మాత్రము వేరు జీవనము వెదకుకొనవలసి వచ్చెను.

విడిదులు సాధారణముగా కాపురములు లేని వేరు దీవులలో నుండును. పురుషు లచటికి పోయి కొలువు చేయుదురు. పిల్లలను ముసలివారిని విడిచి పోజాలని స్త్రీల కా కొలువు దూరము. పాత పని పోయెను. క్రొత్త పని యందలేదు.

ఇది చదువుచుండగా, మన యూళ్లలో బియ్యపు మర వచ్చి దంపుడు కూలి పోయిన యాడువారు మాకు జ్ఞప్తికి వచ్చిరి. మర వలదని మేమనము. రోకటిపోటు శ్రమ మనమెరుగనిది కాదు. కాని యొక వృత్తి మారినప్పుడు ఆదాయమెంత పెరిగెనని లెక్కించువారు, ఆ యింటి యిల్లాలి చేతికేమి మిగిలెనని కూడ నడుగుట న్యాయము కాదా?