అడ్డం... నిలువు... మధ్యలో మా నాన్న!

ముందుగా మీకో చిన్న పరీక్ష! "సంతానం సినిమాలో పాడిన హిందీ గాయని వెనక్కి తిరిగితే టోపీ పెట్టుకునే చోటు (2)". ఏమిటది? ఊరికే తల గోక్కోకండి, జవాబు చేతికి తగిలేస్తుంది! అవును, "తల". 1955లో వచ్చిన ఆ చిత్రంలో పాడింది లతా మంగేష్కర్. "లత"ని తిరగేసి రాస్తే "తల". అంతే!

ఈ గళ్ళ సరదాని 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదలుపెట్టారు. మన తెలుగువాళ్ళకి దీని రుచి మప్పింది ఎవరనుకున్నారు? సినిమా కవులే! 'ముత్యాలముగ్గు'కి పాటలు రాసిన ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' కూర్చారు. 'అల్లూరి సీతారామరాజు' పాటకి జాతీయ బహుమతి అందుకున్న శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' కూర్చారు.

ఇంగ్లీషులో సావిత్రి పేరుకి ఏడు గళ్ళు కావాలి. మనకి మూడు చాలు: సా, వి, త్రి. గుణింతాలూ వత్తులూ అన్నీ ఒకే గడిలో ఇరుక్కుంటాయి. అదే మజా, అదే తంటా! 'మాయాబజార్'లో చివరి 'ర్'కి వేరే గడి ఇవ్వాలా, 'జా' పక్కనే దూర్చాలా? ఈ తగువు తీరేలోపు టీ చల్లారిపోతుంది. ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. టీకొట్టు పేపర్లో మనకన్నా ముందే ఎవరో మహానుభావుడు పెన్నుతో అన్నీ తప్పులు నింపేసి ఉంటాడు!

మాది పేరాల. నాన్నగారు మగ్గం నేసేవారు. "పడుగు నిలువు, పేక అడ్డం. ఒక్క పోగు తప్పితే గుడ్డంతా తప్పే. ఇదీ అంతేరా" అనేవారు గళ్ళని చూపించి.

2006లో నేను ఇంటర్ తప్పాను. నాన్నగారు నాతో మాటలు మానేశారు. నెల దాటింది. అన్నం వేళకి కూడా "వాణ్ణి రమ్మను" అని అమ్మతోనే కబురు!

ఓ ఆదివారం పొద్దున ఆయన పెన్సిలు పట్టుకుని తెగ సతమతమవుతున్నారు. ఆధారం: "మహేష్‌బాబు కబడ్డీ ఆటగాడిగా వేసిన చిత్రం (3)". పాపం, ఆయన 'కబడ్డీ' అనే నింపేశారు! మూడు గళ్ళూ సరిపోయాయి గానీ నిలువు మాటలు ఒక్కటీ కుదిరి చావడంలేదు. అరగంట చెరిపారు, రాశారు, మళ్ళీ చెరిపారు. కాగితం చిరిగేట్టుంది. చివరికి పేపరు నా వైపు తోసి, గోడకేసి చూస్తూ అన్నారు:

"ఒరేయ్, ఇదేదో సినిమా గోలలా ఉంది. నువ్వే చూడు."

'ఒక్కడు' అని రాశాను. నిలువు మాటలన్నీ టకటకా పడిపోయాయి! ఆయన మీసాల్లో నవ్వుకున్నారు.

పోస్టుకార్డు మీద జవాబులు పంపాం. వారం తర్వాత చూసుకుంటే ఇంకెక్కడో ఒక గడి తప్పు. బహుమతి రాలేదు. కానీ ఆ ఆదివారం పేపరు విప్పితే, మధ్యలో మడతపెట్టి నా పరీక్ష ఫీజు డబ్బులున్నాయి.

పోతూ పోతూ మీకు ఇంకొకటి: "వ్యాసంలో ఒక ముక్కకి 'ల' తగిలిస్తే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపు విని జనం ఇళ్ళు వదిలిన ఊరు (3)". జవాబు కోసం వచ్చే వారం దాకా ఆగక్కర్లేదు. పైనే ఎక్కడో ఉంది, వెతుక్కోండి!