“ఇంకెంతసేపు సిస్టర్?”

కీమో వార్డులో పొద్దుటి నుంచీ నేను వినే ప్రశ్న ఇదే. పాక్లిటాక్సెల్ సీసా ఒక్కటే దిగడానికి మూడు గంటలు పడుతుంది. దానికి ముందు వాంతి రాకుండా ఒక సూది, అలర్జీ రాకుండా ఇంకొకటి. నరం దొరక్కపోతే రెండు మూడు చోట్ల గుచ్చాలి. అంతసేపూ కుర్చీలో ఉన్న మనిషికి కనబడేవి స్టాండుకు వేలాడే సీసా, గోడ గడియారం, పక్కావిడ చేతిలో వాంతి బేసిన్.

ఆ కుర్చీలో గడిచే గంటల మీదే అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో సుసాన్ ష్నైడర్ పరిశోధన చేశారు. ఆమె కూడా నర్సే, అందుకే నాకు ఆ పని మీద మరింత అభిమానం. రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 123 మందికి కీమో ఎక్కుతుండగా వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్ పెట్టారు. కళ్లను పూర్తిగా మూసే ఆ పరికరంలో తల ఎటు తిప్పితే అటు దృశ్యం తిరుగుతుంది. సముద్రం అడుగున ఈదవచ్చు, మ్యూజియంలో నడవవచ్చు. 2007లో ఫలితాలు వచ్చాయి. గడిచిన సమయం వాళ్లకు అసలుకన్నా తక్కువనిపించింది. నూటికి 82 మంది మళ్లీ పెట్టుకుంటామన్నారు. కానీ కీమో వల్ల ఒంట్లో కలిగే బాధల్లో మాత్రం, అప్పుడుగానీ రెండు రోజుల తర్వాతగానీ, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమ్మేవాళ్లు ఈ రెండో మాట చెప్పరు, కాబట్టి నేను చెబుతున్నాను.

నొప్పి సంగతి వేరు. నొప్పి తెలియాలంటే మెదడు దాని మీద ధ్యాస పెట్టాలి. ఆ ధ్యాస వేరేచోట చిక్కుకుంటే నొప్పి వాటా తగ్గుతుంది. ఈ సూత్రంతోనే సియాటిల్‌లో హాఫ్‌మన్, ప్యాటర్సన్ కాలిన గాయాలవాళ్ల కోసం ‘స్నోవరల్డ్’ అనే వీఆర్ ఆట తయారుచేశారు. కట్లు మారుస్తుంటే రోగులు మంచు ఉండలు విసురుతూ ఉంటారు. క్యాన్సర్ నొప్పి మీద 2024లో వాషింగ్టన్‌లోని మెడ్‌స్టార్ ఆస్పత్రివాళ్లు తమ ఫలితాలు ప్రకటించారు. 128 మందిలో కొందరికి పది నిమిషాలు వీఆర్, మిగతావారికి అంతేసేపు ట్యాబ్‌లో ప్రశాంత దృశ్యాలు చూపించారు. పదికి లెక్కించే నొప్పి వీఆర్‌తో సగటున 1.4, ట్యాబ్‌తో 0.7 తగ్గింది. మర్నాటికి ఆ తగ్గుదల 1.7, 0.3గా ఉంది. చిన్న అంకెలే. కానీ ఏడు దగ్గరున్న మనిషి ఐదున్నరకి దిగితే లేచి కూర్చుని రెండు ముద్దలు తింటాడు. అది నాకు చాలా పెద్ద సంగతి.

అందరికీ ఇది కుదరదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సర్‌లో ముఖానికి కట్టు, ముక్కులో గొట్టం ఉంటే హెడ్‌సెట్ పట్టదు. ఫిట్స్ వచ్చేవాళ్లకీ, కళ్లు తిరిగేవాళ్లకీ పెట్టకూడదు. తెల్లకణాలు పడిపోయినవాళ్లకు పెట్టేముందు శుభ్రం చేయడంలో రాజీ ఉండకూడదు. మాట కూడా ముఖ్యం. “నెమ్మదిగా ఊపిరి తీసుకోండి” అనే గొంతు ఇంగ్లీషులో ఉంటే మా పెద్దమ్మలకేం ఉపయోగం? మంచుకొండలే ఎందుకు, పాపికొండల నడుమ మెల్లగా సాగే లాంచీని చూపించవచ్చు. మన ఇంజినీర్లకు అదేం కష్టం కాదు.

మార్ఫిన్ ఇవ్వాల్సిన మనిషికి హెడ్‌సెట్ పెట్టి సరిపెట్టడం మాత్రం అన్యాయం. 2014లో చట్టం సవరించి మార్ఫిన్ నిబంధనలను సులభం చేసినా, ఎన్నో ఊళ్లలో అది ఇంకా దొరకడం లేదు. వీఆర్ మందుకు తోడే, బదులు కాదు.

ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్లకు ఒక మనవి. నొప్పి ఎంతుందని మేం అడిగినప్పుడు రోగిని “పర్లేదమ్మా” అననివ్వకండి. సున్నా నుంచి పదిలో ఎంతో అంకె చెప్పించండి. మందు మోతాదుకైనా, హెడ్‌సెట్‌కైనా మేం మొదలుపెట్టేది ఆ అంకె దగ్గరే.