సోడాలో దాక్కున్న పల్లాడియం

రెండు బెంజీన్ వలయాలను కార్బన్‌కు కార్బన్ తగిలేలా అతకాలంటే ఇవాళ చాలామందికి సుజుకి-మియౌరా చర్యే దిక్కు. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన పద్ధతి ఇది. దీనికే అకిరా సుజుకి 2010లో హెక్, నెగిషిలతో కలిసి నోబెల్ అందుకున్నారు. రక్తపోటు మందు లోసార్టాన్ తయారీలోనూ ఇది పనికొచ్చింది.

ఒక వలయానికి బ్రోమిన్, రెండోదానికి బోరాన్ తగిలించి ఉంటాయి. ఈ చర్యను నడిపే లోహం పల్లాడియం, ముందు కార్బన్-బ్రోమిన్ బంధం మధ్యలోకి చొరబడుతుంది. తర్వాత క్షారం సాయంతో బోరాన్ దగ్గరున్న వలయాన్నీ తన మీదికి లాక్కుంటుంది. ఒకే లోహ పరమాణువు మీద పక్కపక్కన చేరిన ఆ రెండూ అతుక్కుని జారిపోతాయి. పల్లాడియం మళ్లీ మామూలై మరో జంటను అందుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే. ఒక్కో పరమాణువు వేలసార్లు ఇదే పని చేయగలిగితే, సీసాలో అది అసలు లేదని ఎవరు చెప్పగలరు?

2003లో నికొలస్ లెడ్‌బీటర్ బృందం ఏ లోహమూ వేయకుండానే ఈ చర్య జరిపామని ప్రకటించింది. ఖరీదైన లోహం అక్కర్లేదంటే ఎవరికి చేదు! కానీ 2005లో అదే బృందం అసలు సంగతి కనిపెట్టింది. క్షారంగా వాడిన సోడియం కార్బొనేట్‌లో, అంటే బట్టలుతికే సోడాలో, కిలోకు 50 మైక్రోగ్రాముల స్థాయిలో పల్లాడియం ఉంది. చర్య నడవడానికి అదే చాలింది. కడగని పెరుగు గిన్నెలో పోసిన పాలు తోడు వేయకుండానే తోడుకున్నట్టన్నమాట. కాకపోతే సూక్ష్మజీవుల్లా పల్లాడియం పెరగదు. అంత తొందరగా తరగదు కూడా. తమ ఫలితాన్ని తామే తిరగదోడి అచ్చువేసుకున్నారు చూడండి, నాకైతే మొదటి వ్యాసం కన్నా ఆ రెండోదే గొప్పగా తోస్తుంది.

రష్యాలో వాలెంటిన్ అనానికోవ్ బృందం 2019లో గిన్నె సంగతి కూడా తేల్చింది. ద్రావణాన్ని తిప్పే అయస్కాంతపు ముక్కల మీద టెఫ్లాన్ పూత గీరుకుపోయిన చోట పాత ప్రయోగాల లోహం ఇరుక్కుంటోంది. కడిగినా పోక, తర్వాతి ప్రయోగంలో వేలుపెడుతోంది.

ఇంత తెలిశాక కూడా 2021లో మళ్లీ అదే కథ. లోహం బదులు ఒక అమీన్, అంటే నైట్రోజన్ ఉన్న సేంద్రియ పదార్థం, ఈ చర్యను నడిపిస్తోందని ‘నేచర్ కెటాలిసిస్’ పత్రికలో వ్యాసం వచ్చింది. ఇతర ప్రయోగశాలలు అనుమానంతో తిరిగి చేసి చూశాయి. తీరా ఆ అమీన్‌ను తయారుచేసిందే పల్లాడియంతో. శుద్ధి చేశాక కూడా కాస్త అందులోనే ఉండిపోయింది. ఆ ఏడాదిలోనే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.