పుట్ట కింద తోట

రాజమహేంద్రవరం నుంచి కోరుకొండ, గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళ్లేకొద్దీ జీడిమామిడి తోటలు వెనకబడి మద్ది, టేకు, వెదురు ఎదురవుతాయి. ఆ మన్యంలో తొలకరికి నేలలోంచి లేచేవాటి గురించి, నేలలోనే ఉండిపోయేవాటి గురించి మనకున్న నమ్మకాల్లో కొన్ని సగం నిజాలు. ఒకటి రెండు మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: ఉరిమితేనే పుట్టగొడుగులు పుడతాయి.

ఉరమకముందే అవి అక్కడున్నాయి. పుట్ట పెట్టే చెదలు ఎండుటాకునీ పుల్లనీ తింటాయి గానీ అందులోని గట్టి పదార్థం వాటికి అరగదు. అందుకని తిన్నదాన్ని విసర్జించి, దానితోనే పుట్ట లోపల స్పాంజిలాంటి దిమ్మలు కట్టి, వాటిమీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది మెత్తబరిచాక మళ్లీ తింటాయి. ఈ సాగు మొదలై సుమారు 3 కోట్ల ఏళ్లు. మనిషి సేద్యానికి పదివేల ఏళ్లు దాటాయంతే. శిలీంధ్రం ఏడాది పొడవునా సన్నటి దారాలుగా ఆ దిమ్మలోనే అల్లుకుని ఉంటుంది. నేల బాగా తడిసి, గాలిలో తేమ నిలిచాక గొడుగు పైకొస్తుంది. తొలకరి జల్లు ఉరుములతోనే దిగుతుంది కాబట్టి ఆ పేరు ఉరుముకి దక్కింది.

ఈసారి గొడుగుని పీకకుండా చుట్టూ మట్టి తవ్వి చూడండి. కాడ నేలమట్టంతో ఆగదు. వేరులా సన్నబడుతూ జానెడు, ఒక్కోసారి మూరెడు లోతుకి, ఆ దిమ్మ దాకా దిగుతుంది. నడినెత్తిన ఉండే మొనదేలిన బుడిపె మట్టిని చీల్చుకు రావడానికి.

అన్నట్టు, పుట్ట కట్టేది పాము కాదు. చెదలు కట్టుకున్న ఇంట్లో అది దూరుతుంది. నాగులచవితి నాడు పాలు పోసేది కూడా చెదల ఇంట్లోనే.

అపోహ: వెండి చెంచా నల్లబడకపోయినా, పురుగు తిన్నా, బాగా ఉడికించినా ఆ పుట్టగొడుగు మంచిదే.

మూడూ తప్పే. వెండి నల్లబడేది గంధకానికి, ఈ విషాలకు కాదు. అమనిటా అనే పుట్టగొడుగుల్లో కొన్ని రకాల్లోని కాలేయాన్ని చంపే విషం ఎంత ఉడికించినా పోదు. నత్తలూ పురుగులూ వాటిని తిని నిక్షేపంగా తిరుగుతాయి. మనిషికి తిన్న 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన ఒకరోజు తేరుకున్నట్టే ఉంటుంది; లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. తగ్గిందిలే అని ఆసుపత్రికి వెళ్లకపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

పచ్చిక మీద లేచే తెల్లటి పెద్ద గొడుగు ఇంకొకటుంది. ముదిరాక దాని అడుగు రెక్కలు ఆకుపచ్చబారతాయి. అది ప్రాణం తీయడం అరుదే గానీ ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపుని కల్లోలం చేస్తుంది. లేతగా ఉన్నప్పుడు ఆ పచ్చదనం కనపడదు, అదే చిక్కు. ఏటేటా అదే పుట్ట దగ్గర ఏరుకునేవాళ్ల గుర్తు వేరు, ఫోన్‌లో బొమ్మ చూసి పోల్చుకునే మన గుర్తు వేరు.

అపోహ: వేరుకి శిలీంధ్రం పట్టిందంటే తెగులే.

కొన్ని తెగుళ్లే, కాదనను. కానీ నేలమీది మొక్కల్లో నూటికి 80కి పైగా జాతులు వేళ్ల దగ్గర శిలీంధ్రంతో పొత్తు పెట్టుకున్నవే. టేకు, వెదురు, జీడిమామిడి అందులోవే. వీటి వేళ్లలో ఉండే రకాన్నే మన రైతులు వామ్ అంటారు. వేరు దూరలేని సందుల్లోకి దాని దారం పోయి, మట్టిలో కదలకుండా పడి ఉన్న భాస్వరాన్ని లాక్కొస్తుంది. బదులుగా చెట్టు చక్కెర, కొవ్వు ఇస్తుంది. వీటికి గొడుగులు రావు కాబట్టి ఎవరి కంటా పడవు.

అపోహ: అడవిలో చెట్లు శిలీంధ్రాల దారాల మీద మాట్లాడుకుంటాయి, తల్లిచెట్టు పిల్లల్ని సాకుతుంది.

సినిమాకి బాగుంటుంది. 1997లో కెనడాలో శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ బృందం రెండు జాతుల మొక్కల మధ్య కర్బనం చేతులు మారిందని చూపింది. అది దారాల గుండానే పోయిందా, మట్టి గుండానా, అందుకున్న మొక్కకి ఒరిగిందెంత అన్నది తేలలేదు. 2023లో ముగ్గురు శాస్త్రవేత్తలు పాత ప్రయోగాలన్నీ తిరగేసి, ప్రచారానికి తగ్గ రుజువు అడవిలో దొరకలేదన్నారు. వాళ్లలో ఒకరైన మెలనీ జోన్స్ 1997 పరిశోధనలోనూ భాగస్వామే. పైగా ఆ కథంతా చలిదేశపు చెట్లది, వాటి శిలీంధ్రాలు వేరే రకం.

అపోహ: మట్టిలో సూక్ష్మజీవులంటే రోగాలే.

వాన పడగానే వచ్చే మట్టివాసన స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా చేసేదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలు నడిపిస్తున్న రోజుల్లో, 1945లో, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఆ జాతి జీవి నుంచే ఆరియోమైసిన్ పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్లనే యాంటీబయాటిక్‌లలో తొలి మందు అది.

అపోహ: ప్యాకెట్ వామ్ చల్లితే ఏ నేలైనా అడవి మట్టి అవుతుంది.

కొబ్బరిపొట్టులో పెరిగే నర్సరీ మొక్కకి వేరు దగ్గర వేస్తే పనిచేయొచ్చు. డీఏపీ దండిగా పడే పొలంలో మాత్రం దానికి చోటుండదు. భాస్వరం చేతికందేంత దగ్గరలో ఉంటే మొక్క శిలీంధ్రానికి చక్కెర పెట్టడం తగ్గించేస్తుంది. ప్యాకెట్ కొనేముందు భూసార పరీక్షలో భాస్వరం అంకె చూసుకోండి.