టీకా తరువాత పిల్లి యేల ముడుచుకొనును?

టీకా వేయించి తెచ్చిన పిల్లి ఆనాడు తరచుగా ఆటలు మానును. ఆహారము పెట్టినను వాసన చూచి తొలగిపోవును, మంచము క్రింద చేరి ముడుచుకొని పండుకొనును, ఎత్తుకొనబోయినచో బుస్సుమనును. మందు వికటించినదని భయపడి తరువాతి టీకాను మానివేయువారు కలరు. ఈ ప్రవర్తనకు కారణము తెలిసికొన్నచో ఆ భయము తొలగును.

పిల్లులకు వేయు రేబీస్ టీకాలలో సాధారణముగా నుండునది చంపబడిన వైరసు. అది వ్యాధిని కలిగింపజాలదు. అయినను శరీరములోని శ్వేతకణములు దానిని పరాయి పదార్థముగా గుర్తించి, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి రసాయనములను విడుదల చేయును. ఈ సంకేతము మెదడునకు చేరగా, హైపోథాలమస్ అను భాగము శరీరోష్ణమును కొంచెము పెంచును. ఆకలి తగ్గును, మత్తు కలుగును.

జబ్బుపడిన జంతువు కదలక పడియుండుట కేవలము నీరసము కాదనియు, ఆటకు, వేటకు వ్యయమగు శక్తిని రోగముతో పోరుటకు మిగుల్చుకొను ఏర్పాటనియు 1988లో అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞుడు బెంజమిన్ హార్ట్ వివరించెను. టీకా పొందిన పిల్లికి రోగము లేదు. రాబోవు పోరాటమునకు దాని శరీరము సాధన చేయుచున్నదన్నమాట.

ఈ మందకొడితనము సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. నీరు దగ్గర నుంచి, పిల్లిని కదలింపకున్న చాలును. మనము జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ మాత్ర నెన్నడును ఇయ్యరాదు. దానిని నిరపాయకరముగా మార్చు ఎంజైము పిల్లి కాలేయములో చాలినంత లేదు. ఒక్క మాత్రయే ప్రాణము తీయవచ్చును.

అశ్రద్ధ చేయరాని గుర్తులు రెండు. కొలది నిమిషములలో గాని, గంటలలో గాని ముఖము వాచుట, మాటిమాటికి వాంతులగుట, ఊపిరాడకపోవుట తీవ్రమైన అలర్జీ లక్షణములు. తక్షణమే పశువైద్యుని చేరవలెను. రెండవది గడ్డ. సూది గ్రుచ్చిన చోట చిన్న గడ్డ కట్టి, కొన్ని వారములలో కరగుట మామూలే. కాని అచ్చట అరుదుగా కాన్సరు పుట్టగలదని 1991లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తెలిపిరి. 10,000 పిల్లులలో ఒకదానికి వచ్చునని తరచుగా చెప్పు అంచనా. గడ్డ 3 నెలలైనను పోకున్నను, 2 సెంటీమీటర్లు మించినను, టీకా వేసిన 1 నెల తరువాత పెరుగుచున్నను పరీక్ష చేయింపవలెను.

లక్షణములు పొడచూపిన పిదప రేబీస్ దాదాపు ఎల్లప్పుడును ప్రాణాంతకమే. వ్యాధి సోకిన పిల్లి కరచినచో మనుష్యులకును అది సంక్రమించును. కనుక ఒకనాటి మందకొడితనమునకు వెరచి టీకా మానరాదు. పిల్లిని పెంచు విద్యార్థులు టీకా వేసిన తేదీని, చోటును వ్రాసియుంచి, వారమున కొకమారు అచ్చట తడిమి చూచుట మేలు.