డెబ్బది సంవత్సరముల వాగ్దానము
(ఆగమన కాలపు రేడియో ప్రసంగ పాఠము)



మనము ఆగమన కాలములో ఉన్నాము. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారము మొదలుకొని క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారములను సంఘము ఈ పేరుతో పిలుస్తుంది. లూథరన్, సి.ఎస్.ఐ., కథోలిక సంఘములవారు దీనిని క్రమముగా ఆచరిస్తారు. మన ప్రాంతములోని బాప్టిస్టు సంఘములలోను, స్వతంత్ర సంఘములలోను ఈ ఆచారము అంతగా కనబడదు. మనకు డిసెంబరు మొదటి వారము నుండే సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటి పాటలు, గుమ్మమునకు నక్షత్రము! అందులో తప్పేమీ లేదు గాని, ఇరవై ఐదో తారీఖు రాకముందే పండుగ నాలుగుసార్లు అయిపోతే ఇక ఎదురుచూచుటకు మిగిలేదేమిటి?

ఎదురుచూచుటను గూర్చియే నేడు మాట్లాడాలి. మన తెలుగు బైబిలులో "నిరీక్షణ" అనే మాట ఉన్నది. బయట జనము ఆశ అంటారు, నమ్మకము అంటారు. మనము నిరీక్షణ అంటాము. ఆ మాటలోనే కనిపెట్టుకొని చూచుట అనే అర్థము ఉన్నది. అంటే తెలుగు విశ్వాసికి ఆశించుట, ఎదురుచూచుట అనేవి రెండు పనులు కావు. ఇది మన భాష మనకిచ్చిన మేలు.

అయితే ఎంతకాలము? "అయ్యగారూ, దేవుడు మాట ఇచ్చాడని మీరు చెప్పారు, నేను నమ్మాను. ఏళ్ళు గడిచిపోతున్నాయి" అని ప్రార్థన అయ్యాక వెనుక నిలబడి అడిగేవారు ప్రతి సంఘములోను ఉన్నారు. పట్నము వెళ్ళిన కొడుకు ఇంటిముఖము చూడడు. తోలిన చెరకుకు డబ్బు రాలేదు. మంచము పట్టిన మనిషి లేవలేదు. వీరికి మనము ఏమి చెప్పగలము? "ఈ సంవత్సరము మీ కార్యము జరిగిపోతుంది" అని చెప్పుట చాలా సులువు. చెప్పేవారు కూడా ఉన్నారు. కాని ప్రవచనము అనేది ఆ పని కోసము ఇవ్వబడిందా? దయచేసి మీ బైబిలు దగ్గర పెట్టుకోండి.

మొదట యెషయా 7వ అధ్యాయము. ఇమ్మానుయేలు అనే పేరు మనకు వినబడేది అక్కడే. క్రిస్మస్ కార్డు మీద ఆ పేరు ఎంతో ప్రశాంతముగా కనబడుతుంది గాని, అది పలకబడిన దినము ప్రశాంతమైన దినము కాదు. క్రీ.పూ. 735 ప్రాంతములో సిరియా రాజైన రెజీను, ఇశ్రాయేలు రాజైన పెకహు ఏకమై యెరూషలేము మీదికి వచ్చారు. రాజైన ఆహాజు గుండె, అతని జనుల గుండె గాలికి ఊగే చెట్లవలె అల్లాడిపోయాయి. ప్రవక్త ఆ రాజును ఎక్కడ కలిశాడో గమనించండి. దేవాలయములో కాదు, పై కోనేటి కాలువ దగ్గర, చాకిరేవు దారిలో. ముట్టడి వస్తే పట్టణమునకు నీళ్ళు ఎలాగని రాజు చూచుకొనుటకు వచ్చి ఉండవచ్చునని వ్యాఖ్యానకర్తలు చెబుతారు. కోనాం జలాశయము కాలువ కింద వ్యవసాయము చేసే మీకు ఆ ఆందోళన వేరే వివరించనక్కరలేదు. నీటి గురించి కంగారుపడుతున్న మనిషి దగ్గరకు, కాలువ గట్టు మీదికి, దేవుని మాట నడిచి వచ్చింది. ఆహాజు వినలేదు. దేవాలయములోని వెండి బంగారములు తీసి అష్షూరు రాజుకు కానుక పంపి సహాయము కొనుక్కున్నాడు (2 రాజులు 16).

ఆ కొనుగోలుకు మూల్యము చెల్లించినది ఎవరు? ఉత్తరాన ఉన్న జెబూలూను, నఫ్తాలి దేశములు. అష్షూరు సైన్యము వచ్చినప్పుడు ముందుగా ఆ గలిలయ ప్రాంతము పోయింది, అక్కడి జనము చెరగా వెళ్ళారు. ఇప్పుడు యెషయా 9వ అధ్యాయము మొదటి వచనములు చూడండి. చీకటిలో నడిచేవారికి వెలుగు అని మనము పాడుకొనే ఆ ప్రవచనము ఏ ఊరివారికి? మొదట చీకటిపడిన ఆ ప్రాంతమువారికే. ఏడు వందల సంవత్సరములు గడచిన తరువాత యేసుప్రభువు నజరేతు విడిచి కపెర్నహూములో కాపురముండుటను మత్తయి తన సువార్త 4వ అధ్యాయములో ఈ ప్రవచనముతో ముడివేశాడు. దేవుడు రాజధానిలో మొదలుపెట్టలేదు. ముందు నష్టపోయినవారి వద్ద మొదలుపెట్టాడు.

ఏడు వందల సంవత్సరములు అన్నాను. ఆలస్యము అనే మాట ఇక్కడ మనలను పట్టుకొంటుంది. ఈ విషయములో యిర్మీయా 28, 29 అధ్యాయములకంటె స్పష్టమైన పాఠము పాత నిబంధనలో నాకు కనబడదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనము వాగ్దానపు కార్డులు తీసుకొంటాము గదా. యిర్మీయా 29:11 ఎవరి చేతికి వచ్చినా వారి ముఖము వెలిగిపోతుంది. సమాధానకరమైన ఉద్దేశములు, ముందుకు నిరీక్షణ అని ఉన్న వచనము. మంచిదే. కాని కార్డు మీద 10వ వచనము అచ్చువేయరు. అక్కడ డెబ్బది సంవత్సరములు అని ఉన్నది. 5వ వచనమూ అచ్చువేయరు. అక్కడ ఇండ్లు కట్టుకొని కాపురముండమని, తోటలు నాటుకొని వాటి పండ్లు తినమని ఉన్నది. ఇది క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టబడినవారికి ప్రవక్త వ్రాసిన ఉత్తరము.

దానికి ముందు 28వ అధ్యాయములో హనన్యా అనే మరొక ప్రవక్త ఉన్నాడు. అతడు ప్రజలయెదుట నిలబడి, రెండు సంవత్సరములలో అందరూ తిరిగి వచ్చేస్తారు అని దేవుని పేరట చెప్పాడు. జనమునకు ఎవరి మాట తియ్యగా ఉంటుందో మీరే ఆలోచించండి. ఒకడు రెండు అంటున్నాడు, మరొకడు డెబ్బది అంటున్నాడు! యిర్మీయా కూడా, అలాగే జరుగును గాక అన్నాడు, అతనికీ అదే కావాలి. అయినా అది దేవుని మాట కాదు. హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు. చెరలో ఉన్నవారు అతని మాట నమ్ముకొని ఉంటే ఏమి చేసేవారు? మూట విప్పకుండా కూర్చునేవారు. ఇల్లు కట్టరు, పెండ్లిండ్లు చేయరు, మొక్క నాటరు. రెండో సంవత్సరము దాటగానే దేవుడే లేడని చెప్పేవారు. అబద్ధ ప్రవచనము చేసే కీడు ఇదే. అది కాలమును కురచ చేస్తుంది, ఆ కాలము దాటగానే విశ్వాసమును తీసుకొనిపోతుంది.

పారసీక రాజైన కోరెషు తిరిగి వెళ్ళుటకు సెలవిచ్చినది క్రీ.పూ. 538 ప్రాంతములో. ముప్పది యేండ్ల వయస్సులో చెరకు వెళ్ళినవాడు అప్పటికి తొంభైకి చేరువలో ఉండాలి. అంటే ఆ ఉత్తరము విన్నవారిలో ఎక్కువమంది ఆ మట్టిలోనే కలిసిపోయారు. మరి వారికి ఆ వాగ్దానము ఎందుకు? తాటి టెంక పాతిన తాతను అడగండి. ఆ చెట్టు ముంజెలు ఆయన తినడు. అయినా పాతాడు, నీరు పోశాడు. తన తరువాత ఆ గట్టు మీద తన పిల్లలు ఉంటారని అతనికి నమ్మకము.

ఇటువంటి ఎదురుచూపు మన జిల్లాలోనే జరిగింది. 2022లో మనము అనకాపల్లి జిల్లాగా వేరుపడ్డాము గాని, విశాఖపట్నము మనకు పరాయి ఊరు కాదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్ అనే ఇద్దరు యౌవనులు 1805లో ఆ పట్టణమునకు వచ్చారు. తెలుగు నేర్చుకొన్నారు, పిల్లలకు బడి పెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగులోనికి మార్చసాగారు. 1809లో క్రాన్ మరణించారు. 1810లో డేగ్రాంజ్ కూడా మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదము బెంగాలులోని సేరంపూరులో 1812లో అచ్చయినప్పుడు ఆ ఇద్దరిలో ఒక్కరూ దానిని చేతితో పట్టుకొనుటకు లేరు. వారి తరువాత ఎడ్వర్డు ప్రిచెట్ పూర్తిచేసిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. విశాఖపట్నములో ఆ మిషను ద్వారా మొదటి తెలుగు విశ్వాసి బాప్తిస్మము పొందినది 1835లో అని చరిత్రకారులు వ్రాశారు. వారు వచ్చి ముప్పది సంవత్సరములు!

అచ్చయిన మూడు సువార్తలు ఏవో మరల చూడండి. మత్తయిలో, ప్రవక్తలు పలికినది నెరవేరింది అని మాటిమాటికి వస్తుంది. లూకాలో వృద్ధుడైన సుమెయోను, ఎనుబది నాలుగు సంవత్సరముల అన్న దేవాలయములో శిశువుకై కనిపెట్టుకొని ఉన్నారు. క్రిస్మస్ నాటకములో మన పిల్లలు చెప్పే గొఱ్ఱెల కాపరుల మాటలు, జ్ఞానుల మాటలు ఆ రెండు పుస్తకములలోనివే. వాటిని తెలుగులో పెట్టి వెళ్ళిపోయినవారు మీ ఊరి క్రిస్మస్ చూడలేదు. ఒంగోలు కొండ మీద 1854 నూతన సంవత్సర దినమున ప్రార్థించిన అయిదుగురి సంగతి, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీరు చాలాసార్లు విన్నారు. అది చెప్పుకొనుటకు బాగుంటుంది. విశాఖపట్నము సమాధులను గూర్చి ఎవరూ అంతగా చెప్పరు, అందుకే నేడు చెప్పాను.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రభువు రెండవ రాకడను గూర్చి లెక్కలు వేసేవారు ప్రతి తరములోను లేస్తారు. అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు 1844 అక్టోబరు 22 అని నిర్ణయించుకొన్నారు. ప్రభువు వచ్చేస్తాడు గదా అని కొందరు రైతులు పొలములో పంట కోయకుండ వదిలివేశారు. 2011 మే 21 అని హెరాల్డ్ కేంపింగ్ అనే రేడియో ప్రసంగీకుడు ప్రకటించాడు. రేడియోలో మాట్లాడేవారిని కూడా పరీక్షించి వినండి, నన్ను కూడా. ఆ దినము, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికి తెలియదని ప్రభువే చెప్పిన తరువాత (మార్కు 13) మనము క్యాలెండరు పట్టుకొని కూర్చోవడమెందుకు?

ప్రవక్తలకు దూరము ఎంతో కనబడలేదు. చోడవరము వైపు నుండి చూస్తే మాడుగుల కొండలు ఒకదానికొకటి ఆనుకొని ఒకే గోడవలె ఉంటాయి. దగ్గరకు వెళ్ళితే గాని నడుమ లోయలున్నవని, ఊళ్ళున్నవని తెలియదు. ప్రభువు మొదటి రాక, రెండవ రాకడ ప్రవక్తల పుస్తకములలో అలాగే కలిసి కనబడతాయి. మనము ఆ రెండు కొండల నడుమ లోయలో ఉన్నాము. ఒక కొండ దాటాము గనుక రెండవది ఉన్నదని మనకు అనుమానము లేదు.

ఇంకొక్క సంగతి. హేరోదు అడిగినప్పుడు శాస్త్రులు మీకా ప్రవచనము తడుముకోకుండా చెప్పారు, క్రీస్తు పుట్టేది బేత్లెహేములో అని. యెరూషలేము నుండి బేత్లెహేము తొమ్మిది కిలోమీటర్లు ఉంటుందేమో. సంతకు నడిచి వెళ్ళివచ్చే దూరము. తూర్పు దేశపు జ్ఞానులు వెళ్ళారు. వచనము అప్పజెప్పినవారిలో ఒక్కడైనా బయలుదేరినట్లు మత్తయి వ్రాయలేదు.

ఈ నాలుగు వారములలో ఇంటిల్లిపాదీ కలిసి చదువుకొనుటకు యెషయా 7, 9 అధ్యాయములు, యిర్మీయా 28, 29, మీకా 5, లూకా 2 చెబుతున్నాను. చదువురాని పెద్దలుంటే పిల్లలచేత చదివించండి. డెబ్బది సంవత్సరముల వచనము వచ్చినప్పుడు దాటవేయవద్దని వారితో చెప్పండి. ఈసారి కార్డులు అచ్చువేయించే సంఘ పెద్దలకు ఒక మనవి. 29:11 వేయించండి, దానితోపాటు 5వ వచనము కూడా వేయించండి. కార్డులో రెండవ వైపు ఖాళీగానే ఉంటుంది గదా.